ట్రే మీద చెయ్యి

ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
10 సెప్టెంబర్ 2023

రేచెల్ పెద్దమ్మకు నీ జాయ్స్ వందనాలు.

ఫోన్లో నా మాట నీ చెవికి సగమే అందుతోందని, ఏ సంగతైనా కాగితం మీద రాసి ఫోటో తీసి పంపమని అన్నావు. మొదట విసుక్కున్నాను. తీరా రాద్దామని కూర్చుంటే ఫోన్లో ఎన్నడూ రాని మాటలు వస్తున్నాయి. ఇంటర్ తర్వాత తెలుగులో పేజీ నిండా రాయడం ఇదే. ఇక్కడ కాలేజీలో ఇంగ్లీషు, షేర్ కారులో హిందీ, క్లినిక్‌లో అన్నీ కలిసిన భాష. రోజంతా అలా గడిచాక ఎక్కడైనా ఒక తెలుగు మాట వినపడితే దాన్ని అరచేతిలో పెట్టుకుని చూడాలనిపిస్తోంది. నా అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

కృప పిన్ని బాగుంది. జోసఫ్ బాబాయి జెబెల్ అలీ ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సుకు తెల్లారకముందే వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నేనూ పిన్నీ కారులో అల్ కుసైస్‌లోని క్లినిక్‌కు వెళ్తాం. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్ళు ఏదో ఒక చోట ట్రైనింగ్ చెయ్యాలంటే, కాలేజీవాళ్ళను అడిగి పిన్ని పనిచేసే క్లినిక్‌కే వచ్చాను. ఎంత చిన్నదో చెబితే నమ్మవు. కింద కిరాణా కొట్టు, పైన మూడు గదులు. పెద్ద డాక్టర్ ఇనాయతుల్లా గారిది కడప. ఆయన బావమరిది సనావుల్లా గారిది నెల్లూరు, డబ్బు లెక్కలు, కంపెనీలతో మాటలు అన్నీ ఆయన చూస్తారు. నర్సులు మన పిన్ని, హైదరాబాద్ కుబ్రా బేగం. గదులు శుభ్రం చేసేది అంజవ్వ. నేను ముందు బల్ల దగ్గర కూర్చుంటాను.

కాలేజీలో లీడర్‌షిప్, గవర్నెన్స్ అని పెద్ద పాఠాలు చెబుతున్నారు. డబ్బాలు గీసి, బాణాలు వేసి, ఎవరి పైన ఎవరో చూపిస్తారు. గవర్నెన్స్‌కు తెలుగు మాట వెతికితే పాలన అని దొరికింది. బాగుంది గానీ, మూడు గదులకు పాలనేమిటి అని నాలో నేను నవ్వుకున్నాను. మొన్న మంగళవారం ఆ నవ్వు పోయింది.

ఒకతనికి వీపు మీద గడ్డ కొయ్యాలి. ట్రే సిద్ధం చేశారు, డాక్టర్ గారు గ్లోవ్స్ వేసుకున్నారు. కుబ్రా బేగం ఉన్నట్టుండి వచ్చి వట్టి చేతిని తీసుకెళ్ళి ట్రే మధ్యలో పెట్టేసింది. గదిలో అందరూ ఆగిపోయారు. డాక్టర్ గారు ఒక అడుగు వెనక్కి వేసి, “చెప్పండి” అన్నారు. అతను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నాడు అందామె. సరే అన్నారు. అతనికి జ్యూస్ తాగించి, కాసేపు కూర్చోబెట్టి, కొత్త ట్రే సర్దుకుని అప్పుడు మొదలుపెట్టారు.

అది ఈ క్లినిక్ కట్టుబాటట. ఎవరికైనా, అంజవ్వకైనా సరే, ఏదో తేడాగా అనిపిస్తే ట్రే మీద చెయ్యి పెట్టొచ్చు. చెయ్యి పడిందా, డాక్టర్ వెనక్కి అడుగెయ్యాలి. పెద్దమ్మా, ఆ అడుగు నేను చూశాను. చర్చిలో అందరూ ఒక్కసారిగా మోకరించినప్పుడు వచ్చే నిశ్శబ్దం లాంటిది వచ్చింది ఆ గదిలో.

నీ మందులు వేళకు వేసుకో.
జాయ్స్


మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్, నర్సాపురం
24 సెప్టెంబర్ 2023

చిరంజీవి జాయ్స్‌కు పెద్దమ్మ ముద్దులు, ఆ తర్వాత చీవాట్లు.

నీ ఉత్తరం ఫోటోని మా నర్సింగ్ ఫస్టియర్ పిల్ల పెద్దది చేసి చూపిస్తే చదివాను. అక్షరాలు వంకరగా లేవు, వాలుగా ఉన్నాయి, పర్వాలేదు. తలకు నూనె రాసుకుంటున్నావో లేదో రాయలేదు.

ఆ ట్రే సంగతి చదివి నాకు అన్నం సయించలేదు. స్టెరైల్ ట్రే మీద వట్టి చెయ్యా? ఆ ట్రే ఇంకెందుకు పనికొస్తుంది? పరికరాలన్నీ మళ్ళీ ఉడకబెట్టాలి, గుడ్డలన్నీ మార్చాలి. నా ఆపరేషన్ థియేటర్‌లో ఏ పిల్లయినా అంత పని చేస్తే ఆ వారమంతా బెడ్‌పాన్‌లు కడిగిస్తాను. నోరుంది కదా, నోటితో చెప్పొచ్చు కదా.

ఇంకో మాట. పేషెంటు ముందు డాక్టర్‌ని ఆపకూడదు. ఏదైనా ఉంటే పక్కకు పిలిచి, “సార్, ఒక్కసారి చూస్తారా” అనాలి. నేను నేర్పింది అది. డాక్టరు గట్టివాడైతే నర్సుకు ఆ అవసరమే రానివ్వడు. మీ ఇనాయతుల్లా గారు మెత్తనివాడేమో అనిపిస్తోంది. మెత్తనివాళ్ళ దగ్గర పని ఎప్పుడూ ప్రమాదమే, పెత్తనం తలా కొంచెం పంచుకుంటారు. మీ పిన్నికి చిన్నప్పటి నుంచీ తొందర ఎక్కువ. దాన్ని ఆ ట్రేకి దూరంగా ఉండమను.

చెవి అలాగే ఉంది. డాక్టరు మిషను పెట్టుకోమంటున్నాడు. నాకు ఇష్టం లేదు.

మీ పెద్దమ్మ
రేచెల్


అల్ కుసైస్
11 అక్టోబర్ 2023

పెద్దమ్మా,

నూనె రాసుకుంటున్నాను. ఇక్కడి నీళ్ళకు అయినా జుట్టు రాలుతోంది.

నీ ప్రశ్న డాక్టర్ గారినే అడిగాను. నర్సాపురంలో మా పెద్దమ్మ మాట్రన్ అండి, నోటితో చెప్పొచ్చు కదా అంటోంది అన్నాను. ఆయన నవ్వారు. కడప యాసలో, మధ్యలో ఉర్దూ కలుపుకుంటూ చెప్పారు. మాట అయితే విననట్టు ఉండొచ్చంట. విన్నా, “సరేలే తర్వాత చూద్దాం” అని పని కానిచ్చేయొచ్చంట. చెయ్యి పడి పాడైపోయిన ట్రేని మాత్రం ఏ డాక్టరూ వాడలేడు. తనకు ఎంత కోపమొచ్చినా, ఎంత తొందరున్నా, మళ్ళీ సర్దుకునేదాకా ఆగక తప్పదు. అందుకే చెయ్యి.

ట్రే పాడవుతుందని నువ్వు తప్పు పట్టావే, ఆయనకు కావలసిన గుణం అదేనట. తనను తాను ఆపుకోలేని క్షణం ఒకటి వస్తుందని ఈయన ముందే తెలుసుకుని, ఆ క్షణానికి తాళం వేసి, ఆ తాళంచెవి అంజవ్వ దాకా అందరికీ ఇచ్చేశారు. మెత్తదనం అంటే ఇది కాదు పెద్దమ్మా. ఏమంటారో ఆ మాట ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాను.

ఇంతదాకా నిన్న రాశాను. ఈ కింది పేరా ఈ రోజు క్లినిక్‌లోనే గబగబా రాస్తున్నాను.

ఈ పొద్దున పిన్ని చెయ్యి పెట్టింది. జెబెల్ అలీలో ఒక కంపెనీ తన కార్మికులను మా దగ్గరికే పంపుతుంది. వాళ్ళలో ఆశన్న అని నిర్మల్ వైపు ఆయనకు రేకు కోసుకుని అరచేయి చీము పట్టింది. చీము తీసేముందు తిమ్మిరి సూది వెయ్యాలి. సూది డాక్టర్ గారు అందుకోబోతుండగా పిన్ని చెయ్యి ట్రే మీద పడింది. ఆరు నెలల కిందట ఇదే సూది వేస్తే ఆశన్న ఒళ్ళంతా దద్దుర్లు లేచి, కళ్ళు తేలేశాడట. పిన్నికి అది గుర్తుంది. డాక్టర్ గారు అడుగు వెనక్కి వేశారు. తలుపు సందులోంచి చూశాను. ఇంతలో బయట కంపెనీ సూపర్‌వైజర్ బస్సుకు ఆలస్యమవుతోందని కేకలేస్తుంటే నన్ను అతని దగ్గరికి పంపారు. తర్వాత ఏమైందో తెలియదు. కానీ ఆశన్న గుడ్డ కట్టిన చేత్తో నడుచుకుంటూ బయటికొచ్చాడు. “ఏం గాలే బిడ్డా” అని నాతో నవ్వాడు.

కాలేజీ బస్సు వచ్చింది.
జాయ్స్


నర్సాపురం
16 అక్టోబర్ 2023

జాయ్స్ తల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా కృపేనా, ముళ్ళు ఉన్నాయని చేప తినడానికి ఏడ్చిన కృపేనా, ఒక మనిషి ప్రాణం కాపాడింది?

తిమ్మిరి సూది పడనివాళ్ళకు వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి ఒళ్ళు ఊరుకున్నా, రెండోసారి ఊరుకోదు. ఆ ట్రే గురించి నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న ప్రార్థన కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. దుబాయ్‌లో నా చెల్లెలు డాక్టరు చేతిలోని సూదిని ఆపి ప్రాణం నిలబెట్టిందని. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరయ్యగారు ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ఈ రోజు నర్సింగ్ స్కూల్లో ఫస్టియర్ పిల్లలకు కూడా చెప్పాను, జ్ఞాపకశక్తి అంటే అదీ అని. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు వినపడలేదు గానీ చేతులు కనపడ్డాయి.

కృపకు నా ముద్దులు. ఆ డాక్టరు బహుమానం ఏమైనా ఇచ్చాడా?

మీ పెద్దమ్మ


ఇంటర్నేషనల్ సిటీ
17 అక్టోబర్ 2023

పెద్దమ్మా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను. తప్పు నాది. సగం చూసి మొత్తం రాశాను.

పిన్ని చెప్పింది నిజం కాదు. అంటే, ఆరు నెలల కిందట దద్దుర్లు వచ్చింది నిజమే. కానీ సూది వల్ల కాదు. అప్పట్లోనే డాక్టర్ గారు ఆశన్నను పెద్ద ఆసుపత్రికి పంపి పరీక్ష చేయించారు. అతనికి పడనిది మందు కాదు, రబ్బరు గ్లోవ్స్. ఆ రిపోర్టు వచ్చిన వారం పిన్ని సెలవు మీద మీ దగ్గర ఉంది. తిరిగొచ్చాక ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొన్న డాక్టర్ గారు వేసుకున్నవి రబ్బరు లేని గ్లోవ్సే. అన్నీ సరిగానే ఉన్నాయి. పిన్ని చెయ్యి ఒక్కటే తప్పు.

అయినా చెయ్యి పడింది కాబట్టి డాక్టర్ గారు కట్టుబాటు ప్రకారం మొత్తం ఆపి, రిపోర్టు చూపించి, కొత్త ట్రే సర్దాకే మొదలుపెట్టారు. దానివల్ల ఆలస్యమై, కంపెనీ బస్సులో కూర్చున్నవాళ్ళందరికీ షిఫ్ట్ తప్పిపోయింది. కంపెనీవాళ్ళు రాసి పంపారు: మీ క్లినిక్‌లో నర్సు డాక్టర్‌ను ఆపుతుందట, డాక్టరుకు పని తెలియదా? ఆ నర్సు ఇక అడ్డు రాదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి, లేకపోతే ఆమెను తీసెయ్యండి, రెండూ కాదంటే మా మనుషులు మీ దగ్గరికి రారు.

సనావుల్లా గారు ఆ కాగితం పట్టుకుని మూడు గదులూ తిరుగుతున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు పెద్దమ్మా. ఆ కంపెనీ పోతే జీతాలు ఎలా అని ఆయన భయం. శనివారం పొద్దున క్లినిక్ తెరవకముందు అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు, అక్కడ తేలుస్తారట. పిన్ని వీసా ఈ క్లినిక్ మీదే ఉంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఇంట్లో పిన్ని యూనిఫాం ఇస్త్రీ చేసి, మడత పెట్టి, మళ్ళీ విప్పి ఇస్త్రీ చేస్తోంది. బాబాయి టీ చేసి ఇస్తే చల్లారిపోయేదాకా అలాగే ఉంచింది.

నువ్వు సాక్ష్యం చెప్పిన సంగతి పిన్నికి చెప్పలేదు.

జాయ్స్


నర్సాపురం
18 అక్టోబర్ 2023

జాయ్స్‌కు,

చెప్పకు. ఎప్పటికీ చెప్పకు.

ఇప్పుడు చెయ్యవలసింది నేను చేశాను. కృపకు దుబాయ్‌లో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు శీలం మంచిదని, విధేయురాలని కాగితం మీద సంతకం పెట్టింది నేను. మా దగ్గర మాట్రన్ సంతకం పెట్టిందంటే ఆ పిల్ల తప్పుకు మాట్రన్ కూడా పూచీ. అందుకని మీ డాక్టరు గారికి ఇంగ్లీషులో ఉత్తరం రాసి, ఆఫీసు క్లర్కు చేత క్లినిక్ ఈమెయిల్‌కు పంపించాను. మా చెల్లెలు హద్దు మీరిందని, పెద్ద మనసుతో క్షమించమని, ఇక ఏనాడూ డాక్టరు ట్రే మీద చెయ్యి పెట్టదని ఆమె అక్కగా, మాట్రన్‌గా నేను హామీ ఇస్తున్నానని. కంపెనీవాళ్ళు అడిగింది కూడా హామీయే కదా. దాంతో సరిపోతుంది.

నువ్వు భయపడకు. పెద్దవాళ్ళు ఒక మాట పడితే పిల్లల ఉద్యోగం నిలబడుతుంది.

పెద్దమ్మ


ఇంటర్నేషనల్ సిటీ
22 అక్టోబర్ 2023

పెద్దమ్మా,

కొంచెం పొడుగు ఉత్తరం. కూర్చుని చదువు.

శనివారం అందరం ముందు గదిలో కూర్చున్నాం. షట్టర్ సగం దించి ఉంది. అంజవ్వ చాయ్ పోసింది. డాక్టర్ గారు ఎప్పుడూ ఆఖరునే మాట్లాడతారు, అదీ ఇక్కడి పద్ధతే. తాను ముందు మాట్లాడితే మిగతావాళ్ళందరికీ అదే అభిప్రాయం వచ్చేస్తుందట.

సనావుల్లా గారు నీ ఉత్తరం ప్రింటు తీసి తెచ్చారు. పైకి చదివారు. నీ ఇంగ్లీషు చాలా బాగుంది పెద్దమ్మా, అదే కష్టమైంది. హద్దు మీరింది అన్న దగ్గర పిన్ని తలెత్తలేదు. ఇక ఏనాడూ పెట్టదు అన్న దగ్గర తన రెండు చేతులనూ ఒడిలో దాచుకుంది.

“చూడు భాయ్, సొంత అక్కే రాసింది. అదీ మాట్రన్. దీన్ని కంపెనీకి పంపించామా, ఖలాస్. సిస్టర్ ఉద్యోగం ఉంటుంది, కాంట్రాక్టూ ఉంటుంది” అన్నారు సనావుల్లా గారు. ఆ మాటలో కోపం లేదు. ఒడ్డు దొరికినవాడి గొంతు అది.

కుబ్రా బేగం పంపకూడదంది. అంజవ్వ, “నాకేం ఎరుక సారూ, గామె పోతే మాత్రం నాకు మంచిగనిపియ్యది” అంది. నన్నూ అడిగారు. కాలేజీలో నేర్చుకున్న ఒక్క మాటా ఆ గదిలో సరిపోలేదు.

డాక్టర్ గారు నీ ఉత్తరం అడిగి తీసుకుని తనలో తాను మళ్ళీ చదువుకున్నారు. ముందుగా ఆ రిపోర్టు సంగతి తేల్చారు. రిపోర్టు తన కంప్యూటర్లోకి వచ్చిందని, చదివి గ్లోవ్స్ మార్పించానని, సెలవు నుంచి వచ్చిన సిస్టర్‌కు చెప్పాలన్న ఆలోచనే తనకు రాలేదని అన్నారు. ఇకమీదట అలాంటివి శనివారం అందరి ముందూ పైకి చెప్పాలని అక్కడికక్కడే నిర్ణయించారు. ఆ తర్వాత పిన్ని వైపు తిరిగారు.

“సిస్టర్, రేపు మళ్ళీ అదే మనిషి, అదే సూది. మీకు తెలిసిందీ అంతే. చెయ్యి పెడతారా?”

పెడతానని అంటుందనుకున్నాను. పెట్టనని అన్నా అర్థం చేసుకునేదాన్ని. పిన్ని ఒడిలోని చేతులకేసి చూసి, “తెలీదండి డాక్టర్ గారూ. ఆ రోజైతే పెట్టేశాను. ఇప్పుడు తెలీదండి” అంది.

ఆయన ముఖం అప్పుడు చూడాలి పెద్దమ్మా. కంపెనీ కాగితం చదివినప్పుడు కూడా అంత దిగులు లేదు ఆయనకు.

“ఇదీ నష్టం, సనా” అన్నారు. “కంపెనీ పోతే ఇంకో కంపెనీ వస్తుంది.”

తర్వాత మెల్లగా చెప్పారు. తప్పుగా పడిన చేతికి శిక్ష వేస్తే, సరైన చెయ్యి పడాల్సిన రోజున కూడా పడదు. చెయ్యి పెట్టేటప్పుడు అది తప్పో ఒప్పో పెట్టేవాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందుకని హామీ పంపడం లేదు, సిస్టర్‌ను తీయడం లేదు అన్నారు. సనావుల్లా గారు, “నువ్వు మా అక్క మొగుడివి కాబట్టి ఊరుకుంటున్నా” అని లేచి షట్టర్ పైకెత్తారు. కానీ మర్నాడే కంపెనీకి తానే వెళ్ళి ఈ సంగతి వివరిస్తానని ఆయనే అన్నారు. అదీ నాకు ఆశ్చర్యమే.

నీ ఉత్తరానికి జవాబు డాక్టర్ గారు నాచేత రాయించారు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివారట, తెలుగు మాట్లాడతారే గానీ రాయలేరు. ఆయన చెప్పింది చెప్పినట్టే ఇది:

“రేచెల్ అమ్మగారికి సలాం. మీ క్షమాపణ నేను తీసుకోలేను, తిరిగి పంపుతున్నాను, మన్నించండి. మీ పైన సూపరింటెండెంట్ ఉంటారు, వారిపైన కమిటీ ఉంటుంది, కమిటీ పైన బిషప్ గారు. నేను తప్పు చేస్తే చూడడానికి ఈ మూడు గదుల్లో నా పైన ఎవరూ లేరు. సర్కారువాళ్ళు ఏడాదికి ఒకసారి వచ్చి చూసి పోతారు. మిగతా రోజుల్లో నా పైన ఉన్నది మీ చెల్లెలి చెయ్యి ఒక్కటే. దాన్ని తీసుకుపోవద్దు.”

రాస్తూ రాస్తూ నా కలం ఆగిపోయింది. ఒక మనిషి తన పైన తానే ఒకరిని పెట్టుకోవడం ఎక్కడైనా విన్నావా? మొన్న వెతుకుతున్నాను అన్న మాట దొరకలేదు. దొరక్కపోయినా పర్వాలేదు అనిపించింది. చూశాను కదా.

జాయ్స్

ఇంకొకటి. పిన్ని ఇప్పుడు ట్రే పక్కన నిలబడినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటోంది. డాక్టర్ గారు గమనిస్తున్నారు. ఏమీ అనడం లేదు.


నర్సాపురం
12 నవంబర్ 2023

జాయ్స్‌కు,

ఆలస్యానికి కారణం అనారోగ్యం కాదు. రాయడానికి ముఖం చెల్లలేదు.

కంపెనీ ఏమందో రాయి. రెండో పేజీ నీకు కాదు. మడత పెట్టినట్టు అనుకుని చూడకుండా పిన్ని చేతికి ఫోను ఇవ్వు. చూస్తావని తెలుసు.

పెద్దమ్మ

కృపా,

నీ తరఫున క్షమాపణ అడగమని నువ్వు నాకు చెప్పలేదు. నీ చేతికి హామీ ఇచ్చే హక్కు నాకు లేదు. ఇచ్చాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని ఆ డాక్టరు గారికి మళ్ళీ ఇంగ్లీషులో ఇంకో ఉత్తరం పంపాను. క్లర్కు నవ్వాడు, నవ్వనీ.

ఆయన నాకు రాయించిన జవాబు చదివిన రోజు సాయంత్రం డ్యూటీ లేకపోయినా ఆసుపత్రి అంతా నడిచాను. మెటర్నిటీ, సర్జికల్, పిల్లల వార్డు. నేను కనపడగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. పుస్తకాలు మూశారు, మాటలు ఆపారు. ఇన్నేళ్ళూ అది మర్యాద అనుకున్నాను. ఆ రోజు ఒక్కొక్కరి చేతులకేసి చూశాను. అందరివీ వెనక్కే ఉన్నాయి. నాపైన సూపరింటెండెంటు, కమిటీ, బిషప్ గారు అందరూ ఉన్నారు నిజమే. వాళ్ళలో ఎవరూ నేను ఇంజెక్షను వేసేటప్పుడు నా పక్కన ఉండరు. పక్కన ఉండేది ఆ పిల్లలు. వాళ్ళు నన్ను ఆపరు.

నువ్వు పొరపడ్డావు. పొరపడినా పెట్టావు. నా దగ్గర చదివినవాళ్ళలో అంత ధైర్యం ఉన్నది నువ్వొక్కదానివే, అదీ నేను నేర్పింది కాదు. చేతులు ముందుకు తెచ్చుకో. అక్కగా అడుగుతున్నాను, మాట్రన్‌గా కాదు.

రేచెల్ అక్క


అల్ కుసైస్
3 డిసెంబర్ 2023

పెద్దమ్మా,

రెండో పేజీ చూడలేదు. పిన్నే చదివి వినిపించింది. మధ్యలో ఆగి బాత్రూమ్‌కు వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి మిగతాది చదివింది. జోసఫ్ బాబాయి, “మీ అక్క మనిషే” అన్నాడు. ఇన్నాళ్ళూ ఏమనుకున్నాడో అడగలేదు.

కంపెనీవాళ్ళు సగంమంది కార్మికులను వేరే చోటికి పంపుకుంటున్నారు. మిగతా సగం మా దగ్గరే. ఎవరు ఎక్కడికి వెళ్ళాలో ఎలా తేల్చారో తెలియదు. ఆశన్న మాత్రం తన సెలవు రోజున సొంతంగా బస్సెక్కి వచ్చి గుడ్డ మార్పించుకుని వెళ్ళాడు. కొత్త కంపెనీ కోసం సనావుల్లా గారు తిరుగుతున్నారు. క్లినిక్‌లో పాత ఏసీ ఒకటి బాగు చేయించడం వచ్చే నెలకు వాయిదా పడింది. ఆయన అది రోజూ గుర్తు చేస్తారు.

నీ పేజీ చదివాక కూడా పిన్ని చేతులు వెంటనే ముందుకు రాలేదు. ముందు ఒక చెయ్యి వచ్చింది. రెండోది వెనకే, నడుం మీద. డాక్టర్ గారు ఎప్పటిలాగే పని చేసుకుపోయారు. నేనే ఆగలేక ఒకసారి, పిన్నీ, నీకు ఇంకా భయమా అని అడిగాను. “భయం కాదే. చెయ్యి బరువుగా ఉంది” అంది.

ఈ రోజు పొద్దున ఫిజా అనే చిన్న పాపను తీసుకొచ్చారు. ఆడుకుంటూ బల్ల అంచు తగిలి కనుబొమ్మ చీలింది. వాళ్ళమ్మ ఏడుపు, పాప ఏడుపు. కుట్లు వెయ్యాలి. నేను తలుపు దగ్గర పాప బూట్లు పట్టుకుని నిలబడ్డాను, అందుకే ఈసారి మొత్తం చూశాను.

ట్రే సిద్ధమైంది. డాక్టర్ గారు చెయ్యి చాపారు. అప్పుడు పిన్ని చెయ్యి నడుం మీంచి కదిలింది. కదిలి, ట్రే పైదాకా వచ్చి, గాలిలో ఆగిపోయింది. పడలేదు. ఆ చేతికీ ట్రేకీ మధ్య జానెడు కూడా లేదు. అది పడనంతవరకూ డాక్టర్ గారు ఆగనక్కర లేదు. కట్టుబాటు చెయ్యి పడినప్పుడే. ఆయన సూది తీసుకోవచ్చు, ఎవరూ తప్పనరు.

ఆయన తీసుకోలేదు. పిన్ని ముఖంకేసి చూడలేదు, అడగలేదు, తొందరపెట్టలేదు. తన చాపిన చేతిని అలాగే ఉంచి, పాపతో నీ బొమ్మ పేరేంటి అని మాట్లాడుతూ నిలబడ్డారు. పాప చెప్పింది. దానికి తమ్ముడున్నాడా అని అడిగారు. ఉన్నాడంది. ఆ గదికి అధికారి అయిన మనిషి, గాలిలో ఆగిన ఒక చెయ్యి కిందికి దిగడం కోసం, ఎదురుచూస్తున్నట్టు కూడా కనపడకుండా ఎదురుచూశారు.

చెయ్యి పడింది. కత్తెర ఒకటి ట్రే అంచుకు తగిలి చప్పుడైంది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

“చెప్పండి, సిస్టర్.”

పిన్ని చెప్పింది. గొంతు మొదట సన్నగా వచ్చింది, తర్వాత మామూలుగా అయింది. ఆయన అంతా విని, ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, పాప తల్లిని అడిగి, తల ఊపారు.

పిన్ని అన్నది సరైనదా కాదా తెలుసుకోవాలని నీకు ఉంటుంది. అది నాకు తెలుసు, కానీ రాయను. చెయ్యి పడింది, అది చాలు.

కొత్త ట్రేకి ప్యాక్ కావాలి. కుబ్రా బేగం ఇంకో గదిలో ఉంది. నేను కదిలేలోపే సనావుల్లా గారు తన బల్ల దగ్గర్నుంచి లేచి, స్టోర్‌లోకి వెళ్ళి, ప్యాక్ తెచ్చి, తలుపు బయటే నిలబడి చెయ్యి చాచి అందించారు. ముఖం చిట్లించుకునే. పిన్ని దాన్ని రెండు చేతులతో అందుకుంది.

నీ
జాయ్స్